ఫ్రాన్స్ పల్లెలో వారం రోజులు: రైలు ఎక్కడ దిగాలి, కారు ఎక్కడ తీసుకోవాలి

ప్రశ్న: వచ్చే మే నెలలో బాబు సెలవుల్లో పన్నెండు రోజులు ఫ్రాన్స్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ళ బాబు, మా అత్తయ్య, మామయ్య. పారిస్ రెండు రోజులు చూసి, అక్కడే కారు తీసుకుని మాంట్ సెయింట్ మిషెల్, లువార్ కోటలు, దోర్దోన్, ప్రోవాన్స్, చివరికి ఆన్సీ సరస్సు చూసుకుని మళ్ళీ పారిస్ రావాలని ప్లాన్. పట్నాలకంటే పల్లెలు చూడాలని మా కోరిక. మా ఆయన ఇక్కడ పదేళ్ళుగా కారు నడుపుతున్నారు. అందరం శాకాహారులం. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. మా ప్లాన్ కుదురుతుందా? ఏమైనా మార్చాలా?
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కుదరదండీ. కుదిరినా మీరనుకున్న పల్లెలు మాత్రం కనపడవు. మీరు రాసిన ఊళ్ళన్నీ మ్యాప్ మీద పెట్టి కలిపి చూశాను, రమారమి 2,400 కిలోమీటర్లు వచ్చింది. అంటే విజయవాడ నుంచి ఢిల్లీ దాకా కారులో వెళ్ళినదానికన్నా ఎక్కువ, అదీ ఎడమవైపు స్టీరింగు ఉన్న కారులో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని. రెండు రోజులకోసారి పెట్టెలు సర్దడం, కొత్త ఊళ్ళో తాళాలు ఎవరిస్తారో వెతుక్కోవడం, రాత్రి ఎనిమిదింటికి తిండి ఎక్కడ దొరుకుతుందా అని తిరగడం, ఇదే గుర్తుంటుంది. అందుకని నా సలహా ఒక్కటే: ఆ ఐదింట్లో ఒక్క ప్రాంతం ఎంచుకోండి, అక్కడ ఒక ఇల్లు వారానికి అద్దెకి తీసుకోండి, దూరమంతా రైల్లో వెళ్ళండి, కారు ఆ చుట్టుపక్కల తిరగడానికి మాత్రమే వాడుకోండి.

ఏ ప్రాంతం అంటే నేను మొహమాటం లేకుండా దోర్దోన్ అనే చెప్తాను. పాతపేరు పెరిగోర్, ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. నది, నది ఒడ్డున పసుపురంగు రాతి ఇళ్ళు, కొండ అంచున కోటలు, కొండల లోపల వేల ఏళ్ళ నాటి బొమ్మలున్న గుహలు, ఇవన్నీ సార్లా అనే చిన్న పట్నం చుట్టూ ముప్పావుగంట, గంట దూరంలో ఉంటాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి దీన్ని మించిన చోటు ఫ్రాన్సులో నాకు తెలీదు. తిండి విషయంలో మాత్రం శాకాహారులకి కష్టమైన ప్రాంతమే, దాని సంగతి కింద వివరంగా రాస్తాను.

ముందు రైలు. దోర్దోన్ వెళ్ళడానికి రెండు దారులున్నాయి. పారిస్ మోంపార్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే అతివేగ రైలు ఎక్కితే బోర్డో రెండు గంటల చిల్లరలో వెళ్ళిపోతుంది, అందరూ అదే చెప్తారు. కానీ బోర్డో పెద్ద నగరం, స్టేషన్ బయటికి రాగానే ట్రాములు, వన్-వేలు, దాన్ని దాటాక సార్లా దాకా ఇంకో రెండున్నర గంటల డ్రైవింగు. మొట్టమొదటిసారి కుడివైపు నడిపే మనిషికి ఆ మొదటి గంట అక్కడ వద్దు. రెండో దారి పారిస్ ఓస్టెర్లిట్జ్ స్టేషన్ నుంచి లిమోజ్ మీదుగా బ్రీవ్ వెళ్ళే ఇంటర్‌సిటీ రైలు. నాలుగు గంటల పైనే పడుతుంది, కానీ మధ్యలో మారే పని లేదు, కిటికీలోంచి పొలాలు, ఆవులు చూస్తూ వెళ్ళొచ్చు. బ్రీవ్ చిన్న ఊరు, అక్కణ్ణుంచి సార్లా యాభై కిలోమీటర్లే, కారులో గంట. మీ అత్తయ్యగారి కోసం, మీవారి మొదటి గంట డ్రైవింగు కోసం నేనైతే బ్రీవ్‌కే ఓటేస్తాను. ఆ లైన్లో మరమ్మతు పనులు జరుగుతుంటాయి కాబట్టి టైమింగులు టికెట్ కొనే రోజు చూసిందే లెక్క.

ఇప్పుడు చాలామంది పొరపాటు చేసే చోటు. రైలు టికెట్ కొనేసి, ఆ తర్వాత కారు వెతుకుతారు. తిరగెయ్యండి. ముందు బ్రీవ్‌లో కారు అద్దెకిచ్చే ఆఫీసు ఏ రోజు ఏ గంటల్లో తెరిచి ఉంటుందో చూడండి, ఆ తర్వాతే రైలు. చిన్న ఊళ్ళలో ఈ ఆఫీసులు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా మూసేస్తారు, శనివారం మధ్యాహ్నం తర్వాత చాలాచోట్ల ఉండరు, ఆదివారం సెలవు. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక చిన్న స్టేషన్లో పన్నెండు దాటి పది నిమిషాలకి దిగాం. అద్దం తలుపుకి లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది, పెన్నుతో 14 అని అంకె, కింద ఒక గీత. లోపల కుర్చీ వెనక్కి ఇంకా కోటు వేలాడుతోంది. మా నాన్నగారు పెట్టెమీద కూర్చుని రెండు గంటలు ఎదురు చూశారు, ఎదురుగా ఉన్న బేకరీ కూడా మా కళ్ళముందే షట్టర్ దించేసింది. వాళ్ళ తప్పేం లేదు, అక్కడ భోజనం వేళ అంటే భోజనం వేళే. మాకు తెలీలేదు, అంతే.

అందుకే మీకు ఇలా అయితే బావుంటుంది. బుధవారం పారిస్ దిగండి, రెండు రాత్రులు ఉండండి. శుక్రవారం ఓస్టెర్లిట్జ్‌లో రైలెక్కి సాయంత్రానికి బ్రీవ్ చేరి, స్టేషన్ దగ్గర్లో ఏదైనా హోటల్లో ఒక రాత్రి పడుకోండి. శనివారం పొద్దున్న అక్కడ సంత ఉంటుంది, జార్జ్ బ్రాసాన్స్ హాలని పెద్ద షెడ్డు, దాని చుట్టూ కూరలు, పళ్ళు, చీజులు. మీరూ అత్తయ్యగారూ సంత చూస్తుంటే మీవారు వెళ్ళి కారు తీసుకోవచ్చు. పన్నెండులోపు బయల్దేరి నింపాదిగా సార్లా వైపు వెళ్ళండి. వారానికి ఇచ్చే ఇళ్ళు మామూలుగా శనివారం నుంచి శనివారానికి ఇస్తారు, తాళాలు నాలుగింటి తర్వాతే ఇస్తారు కాబట్టి ఎటూ తొందర లేదు. తర్వాతి శనివారం పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి, పన్నెండులోపు బ్రీవ్‌లో కారు అప్పగించి, రైల్లో పారిస్, ఆ రాత్రి అక్కడ ఉండి ఆదివారం విమానం. పన్నెండు రోజులకి సరిగ్గా సరిపోతుంది, ఒక్క రోజు కూడా దారిలో వృథా కాదు.

ఇంటి సంగతి. పల్లెల్లో ఇలా అద్దెకిచ్చే ఇంటిని జీట్ అంటారు. రైతుల పాత ఇళ్ళు, ధాన్యం కొట్లు బాగుచేసి ఇస్తుంటారు. 1955 నుంచి ఉన్న జీట్స్ ద ఫ్రాన్స్ అనే సమాఖ్య హోటళ్ళకి నక్షత్రాలిచ్చినట్టు వీటికి గోధుమ వెన్నులు ఇస్తుంది, ఒకటి నుంచి ఐదు దాకా. మీకు మూడు వెన్నుల ఇల్లు చాలు. చూడాల్సినవి వేరే ఉన్నాయి: కింది అంతస్తులో ఒక పడకగది, బాత్రూము ఉన్నాయా (పాతిళ్ళలో పడకలన్నీ పైన, మెట్లు నిటారుగా ఉంటాయి), దుప్పట్లు తువ్వాళ్ళు అద్దెలో కలిపారా విడిగా కట్టాలా, వెళ్ళేటప్పుడు శుభ్రం చేసే ఖర్చు ఎవరిది. ఈత కొలనుందని ఎక్కువ డబ్బు పెట్టకండి, మేలో ఆ నీళ్ళు చల్లగా ఉంటాయి, బాబు ఒకసారి కాలుపెట్టి వచ్చేస్తాడు. ఊరికి మరీ దూరంగా అడవిలో ఉన్న ఇల్లు ఫొటోల్లో బావుంటుంది కానీ, నడిచి వెళ్ళేంత దూరంలో ఒక రొట్టెల దుకాణమున్న ఊళ్ళో తీసుకుంటే మీ మామయ్యగారికి పొద్దున్నే కాళ్ళు సాగే పని ఒకటి ఉంటుంది.

మే నెల మంచిదే, ఎండ తక్కువ, రాత్రి తొమ్మిదింటి దాకా వెలుగు, స్ట్రాబెర్రీలు అప్పుడే వస్తాయి. స్వెట్టర్లు, గొడుగులు మర్చిపోవద్దు. ఒక్కటి చూసుకోండి: మే 1, మే 8 సెలవులు, ఏసు ఆరోహణ పండగ గురువారం వస్తుంది, శుక్రవారం కూడా కలిపి సెలవు పెట్టుకుని ఊళ్ళకి వచ్చేస్తారు. ఆ వారం పడితే రైళ్ళు నిండుతాయి, ఇళ్ళు దొరకవు. మే 1న దాదాపు అన్నీ బంద్.

కారు. ఐదుగురు, ఐదు పెట్టెలు అంటే చిన్న కారు చాలదు, వెనక డిక్కీ పొడుగ్గా ఉండే కారు అడగండి. ఏడు సీట్ల బండిలో అన్ని సీట్లూ తెరిస్తే సామాను పెట్టే చోటే ఉండదు, వెనక రెండూ మడిచి వాడుకుంటేనే పనికొస్తుంది. ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చెయ్యండి, చిన్న ఊళ్ళలో అవి తక్కువ. మీవారికి నా సలహా ఆటోమేటిక్కే, ఎందుకంటే గేరు కుడిచేతికి వస్తుంది, ఇంకా ఇండికేటర్ మన కార్లలో మామూలుగా కుడివైపు ఉంటే అక్కడ ఎడమవైపు, మొదటి రౌండెబౌట్ దగ్గర ఇండికేటర్ వేద్దామనుకుంటే ఎండలో వైపర్లు తిరుగుతాయి. గేరొక్కటైనా లేకపోతే మనసు రోడ్డుమీద ఉంటుంది. పదేళ్ళలోపు పిల్లలకి ప్రత్యేకమైన సీటు తప్పనిసరి, బాబు వయసుకి ఎత్తుపెంచే బూస్టర్ సరిపోతుంది, అది కారుతోపాటే బుక్ చెయ్యండి.

లైసెన్సుకి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఏలో తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది. మామూలుగా పాస్‌పోర్టుతోపాటు వీసా కాపీ కూడా అడుగుతారు కాబట్టి వీసా రాగానే వెళ్ళండి, ఒరిజినల్ లైసెన్సు కూడా వెంట ఉండాలి. డిపాజిట్ కోసం కారు నడిపేవాళ్ళ పేరుమీదే క్రెడిట్ కార్డు ఉండాలి. డెబిట్ కార్డులు, ఫారెక్స్ కార్డులు చాలాచోట్ల తీసుకోరు. కార్డు మీ పేరున, లైసెన్సు ఆయన పేరున ఉంటే కౌంటర్ దగ్గర ఇబ్బందే. కారు ఇవ్వగానే చుట్టూ ఫోన్లో వీడియో తీసుకోండి, అద్దాలు, చక్రాల అంచులతో సహా.

రోడ్డు మీద భయపడాల్సింది వేగం కాదు. ఊళ్ళలో 50, ఊరి బయట మామూలుగా 80, హైవేలో 130, వాన పడితే 110, ఇవి మన జీపీఎస్ చెప్తూనే ఉంటుంది. ఎర్ర అంచున్న పలక మీద ఊరి పేరు కనపడితే 50 మొదలైనట్టు, ఆ పేరు మీద గీత కొట్టి ఉంటే ఊరు అయిపోయినట్టు. కెమెరాలు చాలా ఉంటాయి, జరిమానా మీరు ఇంటికొచ్చాక వస్తుంది, దానిమీద అద్దె కంపెనీ ఫీజు వేరే. అసలు జాగ్రత్త పడాల్సింది కుడివైపు సందుల గురించి. ఊళ్ళలో ఏ బోర్డూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి, అది ఎంత చిన్న సందైనా సరే. వాళ్ళు ఆగరు, చూడరు కూడా, ఎందుకంటే హక్కు వాళ్ళది. పసుపు వజ్రం ఆకారంలో బోర్డు కనపడితే ఆ రోడ్డు మీద ముందు దారి మీది, ఆ వజ్రం మీద నల్లగీత కనపడితే హక్కు అయిపోయింది. రౌండెబౌట్‌లో మాత్రం లోపల తిరుగుతున్నవాళ్ళకి దారి ఇవ్వాలి, వాళ్ళు మీకు ఎడమవైపు నుంచి వస్తారు. ఈ మూడూ మీవారికి నోటికి వచ్చేదాకా ఇంట్లో చెప్పించండి, నిజంగానే చెప్తున్నాను. మొదటి రెండు రోజులు మీరు పక్కసీట్లో కూర్చుని "కుడి, కుడి" అని గుర్తు చేస్తూ ఉండండి, ముఖ్యంగా పెట్రోల్ బంకులోంచి, పార్కింగులోంచి బయటికొచ్చేటప్పుడు. ఖాళీ రోడ్డు మీద మన చెయ్యి దానంతటదే ఎడమకి వెళ్ళిపోతుంది.

పెట్రోలుకి ఎసాన్స్ అంటారు, పంపు మీద గుండ్రటి గుర్తులో ఇ అక్షరం ఉంటుంది. గాజోల్ అంటే డీజిల్, పేరు విని గ్యాసొలీన్ అనుకుని పట్టించేవాళ్ళున్నారు, చదరపు గుర్తులో బి ఉంటే అది డీజిల్. సూపర్‌మార్కెట్ల దగ్గర బంకుల్లో చవక, కానీ మనిషి ఉండడు, కార్డు పిన్ కొట్టాలి, పట్టిన దానికన్నా ఎక్కువ మొత్తం కొన్ని రోజులు బ్లాక్ అవ్వచ్చు.

ఇక భోజనం. పెరిగోర్ అంటే బాతు. బాతు కాలు, బాతు కాలేయం, అన్నీ బాతు కొవ్వులోనే. ఎదురుగా కనపడే మాంసం కన్నా కనపడని కొవ్వుతోనే మీకు ఇబ్బంది. సార్లా బంగాళాదుంపలని ప్రతి హోటల్లో ఉంటాయి, వెల్లుల్లి వేసి ఎర్రగా వేయించినవి, చూస్తే మన ఇంట్లో వేపుడులానే ఉంటుంది, వండేది బాతు కొవ్వులో. పెరిగోర్ సలాడ్‌లో కందనకాయ ముక్కలు ఉంటాయి. సంప్రదాయ చీజుల్లో చాలావాటికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో పాలు విరగ్గొడతారు, అత్తయ్యగారికి పట్టింపు ఉంటే ముందే చెప్పండి, తిన్నాక తెలిస్తే ఆవిడ మనసు కష్టపడుతుంది. హోటల్లో "జ్ సుయి వెజిటేరియన్, సాఁ గ్రేస్ ద కనార్" అనండి, శాకాహారిని, బాతు కొవ్వు వద్దు అని. దానికంటే ముందు, ఎక్కడికెళ్ళినా, బేకరీ అయినా సరే, "బోంజూర్" అని పలకరించాకే ఇంకో మాట. అది అనకుండా ధర అడిగితే అక్కడ దురుసుతనం కింద లెక్క, అన్నాక మాత్రం ఎంతైనా సాయం చేస్తారు.

అందుకే వంటగది ఉన్న ఇల్లు మీకు హోటల్ కన్నా వెయ్యి రెట్లు నయం. బియ్యం, ఎర్ర కందిపప్పులా ఉండే మసూర్ పప్పు, మంచి పెరుగు సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. కుక్కర్ ఉండదు, చిన్నది పట్టుకెళ్ళండి, ఇండక్షన్ మీద పనిచేసేది. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు, అంటే నెయ్యి పెట్టకండి, అక్కడి వెన్న కొని కాచుకోండి, ఘుమఘుమలాడుతుంది. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. కరివేపాకు పొడి, కందిపొడి, కొత్త ఆవకాయ ఉంటే వారం గడిచిపోతుంది. కూరలకి వారపు సంతలున్నాయి, మన సంతల్లాగే ఊరికో రోజు: సార్లాలో బుధ, శనివారాలు, లె బ్యూగ్‌లో మంగళవారం, దోమ్‌లో గురువారం, సూయాక్‌లో శుక్రవారం, సాఁ సిప్రియాఁలో ఆదివారం. పొద్దున్న తొమ్మిదిలోపు వెళ్ళండి, పన్నెండున్నరకి ఎత్తేస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం దిగగానే రెండు రోజులకి సరుకులు తెచ్చుకోండి.

చూడాల్సినవి రోజుకి ఒక్కటే పెట్టుకోండి. లాస్కో గుహ 1940లో బయటపడింది, జనం ఊపిరికి బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు, ఇప్పుడు మోంతిన్యాక్‌లో 2016లో కట్టిన నకలు గుహ చూపిస్తారు. నకలు అంటే చిన్నచూపు వద్దు, ఎద్దుల హాలులోకి అడుగుపెడితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. టికెట్ ముందే టైముతో తీసుకోవాలి. అసలు గుహే చూడాలంటే రూఫీన్యాక్ వెళ్ళండి, లోపలికి చిన్న కరెంటు రైల్లో తీసుకెళ్తారు, మోకాళ్ళకి శ్రమ లేదు. గైడు దీపం ఎత్తి పట్టుకుంటే గోడ మీద నల్లగీతలు ఏమీ అర్థం కావు, ఒక్క క్షణం తర్వాత తొండం కనపడుతుంది, ఆ తర్వాత వీపు వంపు, చూస్తుండగానే మ్యామత్, అంటే మంచుయుగం నాటి బొచ్చు ఏనుగు, నిలబడి ఉంటుంది. మా పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, మాట్లాడలేదు. గుహల్లో చలి, అందరికీ స్వెట్టర్లు ఉండాలి.

అత్తయ్యగారు, మామయ్యగారికి లా రోక్ గజాక్‌లో గబార్ అనే చదునైన చెక్క పడవ బావుంటుంది, గంటలోపు నది మీద కోటల కింద నుంచి తిప్పి తెస్తుంది. అదే సమయంలో మీరు, మీవారు, బాబు చిన్న పడవ అద్దెకి తీసుకుని తెడ్డు వేసుకుంటూ బేనాక్ దాకా వెళ్ళొచ్చు. కాస్తెల్నో కోటలో పాతకాలపు యుద్ధ సామగ్రి ఉంది, రాళ్ళు విసిరే పెద్ద పెద్ద యంత్రాలు, బాబు అక్కణ్ణుంచి కదలడు. రొకమడూర్ కొండకి అంటుకున్న పుణ్యక్షేత్రం, మెట్లు 216, యాత్రికులు మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళట, మన తిరుమల మోకాళ్ళ పర్వతం గుర్తొస్తుంది. లిఫ్టులున్నాయి, అత్తయ్యగారిని లిఫ్టులోనే తీసుకెళ్ళండి. పాదిరాక్ అగాధం మాత్రం మీరు ముగ్గురే వెళ్ళండి, లిఫ్టు ఉన్నా లోపల మెట్లు చాలా ఉన్నాయి, మొత్తం దిగి పాతాళ నదిలో పడవ ఎక్కాలి.

ఏ పని ముందు చెయ్యాలో కూడా చెప్తాను. వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకి 45, అందరికీ కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి, వేలిముద్రలకి మీరు హైదరాబాద్ రావాలి. బస ఎక్కడో కాగితాలు చూపించాలి కాబట్టి ముందు రద్దు చేసుకునే వీలున్న ఇల్లు, హోటళ్ళు బుక్ చెయ్యండి. రైలు టికెట్లు మూడు నాలుగు నెలల ముందు తెరుస్తారు, ముందు కొంటే చాలా తేడా ఉంటుంది, కానీ మార్చుకునే టికెట్టే కొనండి, సమ్మెలు అక్కడ మామూలు. ప్రతి పెట్టెకీ పేరు రాసిన ట్యాగు ఉండాలి. ప్లాట్‌ఫారం నంబర్ ఇరవై నిమిషాల ముందు మాత్రమే పడుతుంది, తలుపులు రెండు నిమిషాల ముందు మూస్తారు, పెద్దవాళ్ళని ముందే స్టేషన్ మధ్యలో కూర్చోబెట్టి ఉంచండి.

మీ ఇల్లు ఖాయం కాగానే ఆ ఊరి పేరు నాకు రాయండి. మెట్లు, దగ్గర్లో బేకరీ, సంత వీటిమీద నాకు తెలిసింది చెప్తాను, కారు బుక్ చేసేముందు.